తాంబూలం ఇచ్చి పెట్టిన సైటు

నాకు కోపం ఎక్కువని మలేషియాలోని మా బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో అందరికీ తెలుసు. నాకు శాంతాదేవి అని పేరు పెట్టిన మా నాన్నని తలుచుకుని ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఈ సంగతిలో నాకొచ్చిన కోపం మాత్రం నవ్వుకునే రకం కాదు. అందుకే మొదటినుంచి చెబుతాను.

నేను తలనూనె కాస్తాను. మిల్లులో ఆడించే నూనె కాదు. మా అమ్మ దేవుడమ్మ కాచినట్టే కొబ్బరికాయ కోరి, పాలు పిండి, ఇనప మూకుడులో ఆ పాలు మరిగి నూనె పైకి తేలేదాకా పొయ్యి దగ్గర నిలబడి, కరివేపాకూ మందారాకూ వేసి కాస్తాను. మా ఆయన కాంతయ్య ఉన్నప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళకి సీసాలు ఇచ్చుకోవడంతో సరిపోయేది. ఆయన పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఎక్కువెక్కువ కాయడం మొదలుపెట్టాను.

ఆయన తోట లారీ నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే లారీ తాళాలు చేత్తో పట్టుకుని గడపలో కూలబడ్డాడు. అంతే, మళ్ళీ లేవలేదు. మాకు మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురు దర్షిణి షా ఆలంలో ఆఫీసు ఉద్యోగం చేస్తోంది. తలకొరివి ఎవరు పెడతారని అందరూ మొహాలు చూసుకుంటుంటే, మా అన్నయ్య కూర్మయ్య కొడుకు కిశోర్‌కుమార్ చొక్కా విప్పి ముందుకొచ్చాడు. "మామకి నాను ఎడతాను" అన్నాడు. ఆ మాట చచ్చేదాకా మరిచిపోను అనుకున్నాను. మరిచిపోకపోవడమే నా కొంప ముంచింది.

నూనె అడిగేవాళ్ళు పెరిగారు. క్లాంగ్ నుంచి ఒకరు, పినాంగ్ నుంచి ఇంకొకరు. జుట్టు ఎందుకు ఊడుతోందో తెలిస్తేగాని ఏ ఆకు ఎక్కువ వెయ్యాలో నాకు తెలియదు, అందుకని ప్రతివాళ్ళనీ అడుగుతాను. జుట్టు సంగతి అడిగితే ఏ ఆడమనిషీ జుట్టు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోదు. కాన్పయ్యాక ఊడుతోందని ఒకామె, మొగుడు ఇంకో ఆవిడతో తిరుగుతున్నాడని తెలిసిన నాటినుంచి ఊడుతోందని ఒకామె. ఫోన్లో ఇవన్నీ వింటూ కూర్చుంటే మూకుడు మాడిపోయేది. దర్షిణే అంది, ఒక వెబ్‌సైటు పెడదాం, అందులో ఒక గడి పెడితే వాళ్ళ బాధ వాళ్ళే రాసుకుంటారు, నువ్వు తీరిగ్గా చదువుకోవచ్చు అని.

ఒక శనివారం లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. మాట చివర మలాయి వాళ్ళ 'లా' తగిలించకపోతే నా కూతురికి వాక్యం పూర్తికాదు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడుముకుంటుంది.

"అమ్మా, హోస్టింగ్ అంటే అద్దెకి గది తీసుకున్నట్టు లా. నీ సామాన్ వాళ్ళ గదిలో ఉంటది. అందుకే ముందే అడగాలి" అంది.

"ఏటడగాల?"

"సైట్ పేరు ఎవరి మీద రిజిస్టర్ అవుతది? తాళం, అంటే పాస్‌వర్డ్, ఎవరి దగ్గర? కస్టమర్లు రాసింది లోపల ఎవరు చదవగలరు? పని అయిపోతే చెరిపేస్తారా? రేపు మనం వేరేచోటికి పోతాం అంటే ఇచ్చేస్తారా?" కేఎల్ అని అందరూ పిలిచే కౌలాలంపూర్‌లో ఒక కంపెనీని పట్టుకుని ఇవన్నీ అడిగిందట. పేరు మీ మీదే, తాళం మీకే, లోపల చదివే వీలు మా మనుషులకి లేదు అని వాళ్ళు రాసి పంపారట. "నేను చాలా కంపెనీలు చూసినా. వీళ్ళు సేఫ్ అమ్మా."

"ఆ కంపెనీలో నీకు ఎవుడైనా తెలుసా?"

"ఎవరూ తెలీదు. తెలియక్కర్లేదు లా."

"మొగం ఎరగనోళ్ళ గదిలో నా సామానెలా ఎడతానే? ఆడోళ్ళు ఏడుపులు రాసుకుంటారు అందులో!"

సరిగ్గా అప్పుడే వాకిట్లో మోటార్‌సైకిల్ ఆగింది. కిశోర్. వాడికి తెలుక్ ఇంతాన్‌లో కంప్యూటర్ల దుకాణం ఉంది. టైర్ల షాపు సైటూ, మా గుడి సైటూ వాడే నడుపుతున్నాడు. సంగతి విని నవ్వాడు. "అత్తా, ఇంట్లో నన్ను ఎట్టుకుని కేఎల్ దాకా ఎందుకు? నా సర్వర్‌లో ఎడతాను, అంతా నానే సూసుకుంటాను."

దర్షిణి ఊరుకోలేదు. కంపెనీని అడిగిన ప్రశ్నలే వాడినీ వరసగా అడిగింది. తాళం ఎవరి దగ్గర బావా, పేరు ఎవరి మీద బావా, రాసింది ఎవరు చదువుతారు బావా. వాడు ప్రతిదానికీ నవ్వుతూనే ఉన్నాడు. చివరి ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పాడు, దర్షిణికి కాదు, నా వైపు తిరిగి. "నాను తప్ప ఇంకెవుడు సదువుతాడత్తా?"

నాకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో! దర్షిణి మొహం మాత్రం మాడింది. "బావా, నువ్వు కూడా చదవకూడదు. అదే నేను అడుగుతున్నా లా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నోరుముయ్యే! మీ నాన్నకి తలకొరివి ఎట్టినోడిని పట్టుకుని తాళమెక్కడ, పేరెవుడిదని అడుగుతావేటే? నీ కంపెనీవోడు వచ్చినాడా కట్టె ముట్టించడానికి?" అన్నాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చూసినా చూడనట్టే దేవుడి గదిలోకి వెళ్ళి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, ఒక కొబ్బరికాయ పెట్టి తీసుకొచ్చి, కిశోర్‌ని మా ఆయన ఫొటో ముందు నిలబెట్టి వాడి చేతికిచ్చాను.

మావాళ్ళలో తాంబూలం చేతులు మారిందంటే ఇక మాట్లాడేది ఉండదు. పెళ్ళి కుదిరినా అంతే, గుడికి వంట ఒప్పుకున్నా అంతే. ఆ తరవాత ఎవరైనా షరతులెత్తితే పుచ్చుకున్నవాడిని అవమానించినట్టు లెక్క. దర్షిణికి ఆ సంగతి తెలుసు. లాప్‌టాప్ మూసేసి లోపలికి వెళ్ళిపోయింది. కిశోర్ పళ్ళెం కళ్ళకద్దుకుని ఒక అరటిపండు వలుచుకున్నాడు.

సైటు చక్కగా తయారుచేశాడు, అది ఒప్పుకోవాలి. పైన మా అమ్మ ఫొటో, కింద మూకుడు ఫొటో. నా టేబుల్ దగ్గర కూర్చోబెట్టి చూపించాడు. "అత్తా, మొదటి కస్టమర్ నువ్వే. ఆ గడిలో ఏదోటి రాసి నొక్కు. నిజం కస్టమర్ రాసినట్టు రాయాల. నాకు వస్తాదో నేదో సూస్తాను" అని చెప్పి, ఫోన్ మోగితే బయట మామిడిచెట్టు కిందకి వెళ్ళాడు.

ఏదోటి రాయమంటే ఏమి రాయాలి? నాకు రాతంతా మలాయిలోనే, బడిలో నేర్చుకున్నది అదే. తెలుగులో అయితే నోటితో చెప్పాలి, అది నావల్ల కాదు. మలాయిలో రాస్తే అవి నా మాటలు కానట్టు, ఎవరో మనిషి గురించి రాస్తున్నట్టు ఉంది. అందుకే రాయగలిగాను. భర్త పోయినప్పటినుంచి నిద్ర లేదు. జుట్టు దోసిళ్ళతో ఊడుతోంది. తెల్లవారుజామున ఆయన లారీ ఆగిన చప్పుడు వినిపిస్తుంది, లేచి రెండు గ్లాసుల టీ కలుపుతాను. కలిపాక గుర్తొస్తుంది. నా కూతురికి తెలియదు. ఇంతే రాశాను. చదువుకోలేదు కూడా, నొక్కేశాను.

వాడు చదువుతాడని తెలుసు. వాడు చదవాలనే నొక్కాను. దాచడం ఎందుకు, ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలిపోయేలా ఉంది ఆ రోజుల్లో. కన్నకూతురికి చెబితే ఉద్యోగం మానేసి వచ్చి కూర్చుంటుంది. వాడైతే కొడుకులాంటివాడు, చదివి ఊరుకుంటాడు.

చెట్టు కింద వాడి ఫోన్ టింగుమంది. ఫోన్ చూసుకుని కిటికీలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. "వచ్చీసింది అత్తా! బావుంది!"

ఆ వచ్చే ఆదివారం పొద్దున్న పరోటాలాంటి రొట్టి చనాయ్ పొట్లం పట్టుకుని వచ్చాడు కిశోర్. అంతకుముందు పండక్కో పబ్బానికో తప్ప వచ్చేవాడు కాదు. మా ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు అప్పటికి. నేను టీ ఇస్తే తాగాడు. ఒక్కమాట కూడా అడగలేదు. పెరటిగుమ్మం దగ్గర లైటు పాడైతే బాగుచేసి వెళ్ళాడు. వాడు వెళ్ళాక పొయ్యి దగ్గర నిలబడి తనివితీరా ఏడ్చాను. చదివాడు, చదివి కూడా నోరు మెదపలేదు, ఎంత మర్యాద తెలిసిన పిల్లవాడు అనుకున్నాను.

ఆ తరవాత ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఆదివారం పొద్దున్న నేను కలిపే రెండో గ్లాసు తాగేవాడు ఉన్నాడు. ఆ ఒక్కరోజు కోసం మిగతా వారమంతా ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని.

సైటు బాగా నడిచింది. ఆడవాళ్ళు ఆ గడిలో రాయదగ్గదీ రాయకూడనిదీ రాశారు. వాళ్ళలో పినాంగ్ జార్జ్ టౌన్ శివగామి ఒకతి. వాళ్ళమ్మ మన తెలుగావిడ, నాన్న తమిళాయన. తమిళంలోనే మాట్లాడుతుంది, నాతో మాట్లాడేటప్పుడు మాత్రం మధ్యలో తెలుగు వెతుక్కుంటుంది. తనకి కాన్సర్ అని, కీమో అయ్యాక కొత్తగా మొలుస్తున్న జుట్టుకి నూనె కావాలని రాసింది. దాని కింద ఇంకో మాట రాసింది. ఆమె కూతురు షామినికి పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండిందట. ఒకసారి పోయి మళ్ళీ నిలబడిందట. బిడ్డ చేతికొచ్చేదాకా ఈ జబ్బు సంగతి ఆ పిల్ల చెవిన పడకూడదు, తలకి గుడ్డ కట్టుకుని చుండ్రుకి మందని చెబుతున్నాను, మా ఆయనకీ డాక్టరుకీ తప్ప ఇంకెవరికీ తెలియదు, మీకే రాస్తున్నాను అని.

నేను ఫోన్ చేసి మాటిచ్చాను. "నా గడప దాటదు శివగామీ. నాను కాచిన నూనె మీద ఒట్టు" అన్నాను. కూతురికి చెప్పుకోలేని బాధ ఏమిటో నాకు తెలియదా? ఆమె నూనె వరకు విడిగా కాచేదాన్ని, ఘాటు వాసన లేకుండా.

సైటు పెట్టి ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం శివగామి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు, అందుకే నాకు భయం వేసింది.

"అక్కా, మీరు ఎవరికి చెప్పారు?"

"ఏటి? ఎవరికి ఏటి సెప్పినాను?"

కాన్పుకని పుట్టింటికి వచ్చిన షామిని ఇంట్లో ఫోన్ ఎత్తిందట. అవతల ఒక అమ్మాయి, శివగామి మేడమ్ ఉన్నారా, కీమో తరవాత జుట్టు కోసం మా దగ్గర మంచి విగ్గులు ఉన్నాయి, ఇంటికే తెచ్చి చూపిస్తాం అందట. ఎవరికి కీమో అని అడిగింది షామిని. మీ ఇంట్లో కాన్సర్ పేషెంటుకే మేడమ్ అందట ఆ పిల్ల, ఎంతో మర్యాదగా. షామిని ఫోన్ పట్టుకుని అలాగే నేలమీద కూలబడిందట. రక్తపోటు పెరిగిపోయి ఆస్పత్రిలో పెట్టుకున్నారు. బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేం అంటున్నారు.

"నేను రాసింది మీ సైట్‌లో మాత్రమే అక్కా" అంది.

చెప్పానుగా నాకు కోపం ఎక్కువని. ఆమె ఉన్న పరిస్థితి చూడొద్దూ నేను? చూడలేదు. "నా సైటు బజార్లోది కాదు. నా మేనల్లుడు సొంత సేతుల్తో నడుపుతున్నాడు. మీ ఆస్పత్రిలో ఎవుడో వాగుంటాడు, ఎల్లి ఆళ్ళనడుగు! నన్నంటావేటి?" అని అరిచాను.

"నాన్ ఉంగళై నంబినేన్ అక్కా" అంది. మిమ్మల్ని నమ్మానక్కా అని. పెట్టేసింది.

వెంటనే కిశోర్‌కి ఫోన్ చేశాను. వాడు తొణకలేదు, బెణకలేదు. "ఆస్పత్రోళ్ళే అత్తా. ఆళ్ళే పేర్లు అమ్ముకుంటారు, అందరికీ తెలిసిందే కదా. నువ్వు బెంగెట్టుకోకు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. శివగామి మీద ఇంకాస్త కోపం కూడా వచ్చింది, అనవసరంగా నింద వేసిందని.

కొన్నాళ్ళకి కొరియర్ అబ్బాయి ఒక పెట్టె తెచ్చాడు. విప్పితే ఆమె కోసం నేను విడిగా కాచిన నూనె సీసా. మూత కూడా తియ్యలేదు. చీటీ లేదు, మాట లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీలో పెట్టాను. వంట చేసినంతసేపూ అదే కనిపించేది.

ఆ మర్నాడు నాకే ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు, తియ్యటి మలాయి. శాంతాదేవి మేడమ్ మీరేనా అంది. జుట్టు రాలే సమస్యకి మా దగ్గర చికిత్స ఉంది అంది. నేను నవ్వాను. "నూనె కాచేదాన్ని నేను, నాకు మీరు చికిత్స చేస్తారా?" అన్నాను.

"మీకు భర్తగారు పోయాక నిద్ర పట్టడం లేదని ఉంది మేడమ్. పొద్దున్నే రెండు గ్లాసుల టీ కలుపుతున్నారని కూడా ఉంది. అలాంటివాళ్ళకి మా దగ్గర మనసు విప్పి మాట్లాడే ప్యాకేజీ వేరే ఉంది. అమ్మాయిగారికి తెలియకుండానే రావచ్చు" అంది.

ఆ టీ సంగతి నేను ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి రాశాను. ఒక్క గడిలో.

శివగామి నిజమే చెప్పింది. ఆస్పత్రిలో షామిని, ఆ పిల్ల కడుపులో బిడ్డ, మూత తియ్యని సీసా, నేను అరిచిన అరుపులు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. పొయ్యి ఆర్పేసి దర్షిణికి ఫోన్ చేసి శివగామి ఇంటికొచ్చిన ఫోను సంగతి చెప్పాను. "నాకూ వచ్చిందే ఆ ఫోను. నువ్వు రా" అన్నాను. ఏమన్నారని అడిగింది. చెప్పలేదు. అది కారేసుకుని వచ్చి, నన్నెక్కించుకుని తెలుక్ ఇంతాన్ బయల్దేరింది. 'నేను ముందే చెప్పలేదా' అని అంటుందేమోనని దారి పొడుగునా ఎదురుచూశాను. అనలేదు, అని ఉంటే బాగుండేది.

తెలుక్ ఇంతాన్ దుకాణంలో మా అన్నయ్య కూర్మయ్య కూడా ఉన్నాడు, టీ తాగుతూ. నన్ను చూసి కిశోర్ లేచి నిలబడ్డాడు. "రా అత్తా, కూకో."

"కూకోడానికి రానేదు. నా సైటులో ఆడోళ్ళు రాసుకున్నవన్నీ ఎవుడికిచ్చినావు?"

వాడు తండ్రి వైపు చూశాడు. ఆ చూపు చాలు నాకు. దర్షిణి వాడి కంప్యూటర్ ముందుకెళ్ళి నిలబడింది. "బావా, ఓపెన్ చెయ్. లేకపోతే నేను ఇక్కడినుంచే పోలీసుకి ఫోన్ చేస్తా లా" అంది. అంత గట్టిగా అది తెలుగు మాట్లాడడం అదే మొదటిసారి.

తెరిచాడు. తెర మీద పేర్లు, ఫోన్ నంబర్లు, వాటి పక్కన వాళ్ళు రాసుకున్న మాటలు. అక్షరం పొల్లుపోకుండా అలాగే అన్నీ కేఎల్‌లో విగ్గులూ జుట్టు చికిత్సలూ అమ్మే వాడెవడికో పంపాడు.

"అదేటత్తా, అందరూ సేస్తారు" అన్నాడు. "విగ్గు కావల్సినోళ్ళకి విగ్గు దొరుకుతాది, ఆళ్ళకీ మంచిదే కదా? ఫోన్ సేస్తారనుకున్నాను గాని ఇలగ అవుతాదని నాకేటి తెల్సు? నీ సైటు నాను ఊరికే నడుపుతున్నాను. సర్వర్ ఖర్చులు నాకుంటాయి కదా."

"ఊరికే నడపమని నిన్ను ఎవుడడిగినాడురా? అడిగుంటే ఇచ్చీదాన్ని కాదా?"

"మేనత్తని ఎలాగడుగుతాను?"

అడగడానికి సిగ్గేసిందట! అమ్మడానికి వెయ్యలేదు.

"ఆస్పత్రోళ్ళు అని నాతో అబద్ధమాడినావు. ఆ మాట పట్టుకుని నాను శివగామిని తిట్టినాను. ఆ పిల్ల ఆస్పత్రిలో ఉందిరా! కడుపుతో ఉన్న పిల్ల!"

వాడు తల దించుకున్నాడు. అన్నయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. "సెల్లీ, అయిందేదో అయింది. పిల్లడికి బుద్ధి సెప్తాను. ఇంటిమాట ఇంట్లోనే ఉండనీ. మనోళ్ళలో తలెత్తుకోనేం" అన్నాడు.

"నా ఇంటిమాట వీడు బజార్లో ఎట్టి అమ్మినాడన్నయ్యా. అప్పుడు నీకు తల దించుకోవాలనిపించనేదా?"

దర్షిణి తెరనే చూస్తోంది. మొట్టమొదటి పేరు నాది. మొదటి కస్టమర్ని కదా. మలాయి దానికి నాకంటే బాగా వచ్చు. మొత్తం చదివింది. చదివి నా వైపు తిరిగింది.

"అమ్మా, రెండు టీ... నాకు చెప్పొచ్చు కదా లా."

"నీకు సెప్పనేకే ఆడికి రాసినానే" అన్నాను. కిశోర్ వైపు తిరిగాను. అడగాల్సింది ఒక్కటే మిగిలింది. "ఒరే, నా మాట కూడా అందులో ఉందని తెలిసే అమ్మినావా? అది సదివి కూడా సేతులెలాగొచ్చినాయిరా?"

వాడు గబగబా తల అడ్డంగా తిప్పాడు. తప్పించుకునే దారి దొరికినట్టు మొహం కాస్త వెలిగింది కూడా. "నేదత్తా! నాను సదవనేదు! ఒక్కటి కూడా సదవనేదు. మామ మీద ఒట్టు. మొత్తం ఒక్కసారే పంపీసినాను. నీదేటుందో నాకిప్పటికీ తెల్దు."

"ఆ రోజు సెట్టు కింద నిలబడి, వచ్చీసింది, బావుంది అన్నావు."

"వచ్చిందా నేదా అనే సూసినాను."

నాను తప్ప ఇంకెవుడు సదువుతాడత్తా అన్నవాడు వీడే. ఎవడో విగ్గులవాడు చదివాడు, వాడి దగ్గర పనిచేసే పిల్ల చదివింది, ఇప్పుడు నా కూతురు చదివింది. వీడొక్కడే చదవలేదు. నేను ఎవరికోసం రాశానో వాడే చదవలేదు.

"మరి ఆదివారాలు ఎందుకొచ్చీవోడివిరా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

వాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఆదివారం కొట్టు మూసుంటాది కదత్తా" అన్నాడు.

నేను ఇంక అక్కడ నిలబడలేదు. అన్నయ్య వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. కారులో కూర్చుని శివగామికి ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను. ఎత్తింది.

"శివగామీ, తప్పు నాది. నా సైటులోంచే పోయింది. అమ్మినోడు నా మేనల్లుడు. నిన్ను అన్ని మాటలు అన్నాను, నువ్వు నన్ను తిట్టు."

ఆమె తిట్టలేదు. "పాప పుట్టింది అక్కా. నెలలు నిండలేదు. గాజుపెట్టెలో ఉంచారు, బతుకుతుంది అన్నారు" అంది. "షామిని ఏడవడం లేదు. నాతో మాట్లాడడం లేదు. దాచాను కదా, అది కోపం."

"నాను పోలీసు రిపోర్టు ఇస్తున్నాను. నీ పేరు రానివ్వను."

"రాయించండి అక్కా. ఇంక ఎవరి దగ్గర దాచాలి?" అని పెట్టేసింది. నూనె సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పోలీస్ స్టేషన్‌లో బల్ల వెనక చిన్న వయసు మలాయి అమ్మాయి కూర్చుని ఉంది. ఓపికగా విన్నది. దర్షిణి వాడి కంప్యూటర్ తెరకి ఫోన్‌లో తీసుకొచ్చిన ఫొటోలు చూపించింది, నా పేరు పక్కన రాతతో సహా. ఆ పోలీసమ్మాయి చదువుతుంటే నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

సైటు పేరు ఎవరి మీద ఉంది అని అడిగింది. వాడి మీద అన్నాను. తాళాలు? వాడి దగ్గర. కాగితం ఏమైనా రాసుకున్నారా? లేదు. మరి ఏం చూసి అతనికి ఇచ్చారు?

తాంబూలం గురించి మలాయిలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. దర్షిణికీ తెలియలేదు. చెప్పడానికి నేనింక ప్రయత్నించలేదు.

గాజు తలుపులోంచి బయట మా అన్నయ్య కనిపిస్తున్నాడు. మోటార్‌సైకిల్ మీద మా వెనకే వచ్చి, లోపలికి రాకుండా ఎండలో నిలబడ్డాడు, తువ్వాలు నెత్తిన వేసుకుని. ఆయన పక్కన కిశోర్, చేతులు కట్టుకుని. మా ఆయన చితి దగ్గర కూడా అలాగే నిలబడ్డాడు వాడు, తండ్రి పక్కన, చేతులు కట్టుకుని.

"ఈ కిశోర్‌కుమార్ మీకు ఏమవుతారు?" అని అడిగింది పోలీసమ్మాయి.

దర్షిణి నా వైపు చూసింది.

"ఏమీ కాడు" అన్నాను. "సైటు పెట్టినవాడు."